దారులన్నీ సమానమేనా? దృశ్యనవలల్లో ప్రేమకథలు, ముగింపులు



భాషా హక్కుల సభలో కంప్యూటరు కథల ప్రస్తావన ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చును. న్యాయవాదిని కనుక ఏ అధికరణం గురించో, ఏ జీవో గురించో చెబుతానని ఎదురుచూసి ఉంటారు. అవి చెప్పుకోవడానికి మరో పూట ఉన్నది. సరిహద్దు జిల్లాల మన ఇళ్ళలో పిల్లలు కథలను ఇప్పుడు తెర మీదనే ఎక్కువగా చదువుతున్నారు. ఆ కథలు మన నుడిలో లేవు. వాటిలో ఎవరికి కథ దక్కుతున్నది, ఎవరికి పేరు మాత్రమే దక్కుతున్నది అన్నది నన్ను ఆకర్షించిన విషయం. అల్పసంఖ్యాకుల హక్కుల కోసం పనిచేసేవాడికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

చందమామ చదివిన తరానికి భేతాళ కథలను గుర్తుచేయనక్కరలేదు. ఒక కన్యను ముగ్గురు యువకులు కోరుతారు. ఆమె అకాలమరణం పాలవుతుంది. ఒకడు శ్మశానంలోనే ఉండిపోయి ఆమె చితాభస్మం మీద పడుకుంటాడు. ఒకడు అస్థికలను గంగలో కలపడానికి పోతాడు. మూడవవాడు దేశాలు తిరిగి మృతులను బ్రతికించే మంత్రం సంపాదించుకొని వస్తాడు. అమ్మాయి లేచి కూర్చుంటుంది. ఆమె ఎవరి భార్య? ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం, అస్థికలు కలిపినవాడు కొడుకుతో సమానం, బూడిదను విడువనివాడే భర్త అని రాజు తీర్పు చెబుతాడు. తర్కానికి లోపం లేదు. మిగిలిన ఇద్దరి కథ మాత్రం ఆ వాక్యంతో ఆగిపోతుంది. ఆ అమ్మాయిని ఎవరూ అడగనే అడగరు.

జపాను దేశంలో పెరిగిన దృశ్యనవల అనే ప్రక్రియ ఇటువంటి ప్రశ్నకు మరో పరిష్కారం చూపింది. ఆంగ్లంలో విజువల్ నావెల్ అంటారు. తెర వెనుక ఒక చోటు బొమ్మ, దాని ముందు పాత్ర రూపం, కింద పెట్టెలో మాటలు. చదువరి మీట నొక్కుతూ ముందుకు పోతాడు. అక్కడక్కడ కథ ఆగి, ఏమి చేస్తావు అని అడుగుతుంది. ఆ జవాబులను యంత్రం లోపల గుర్తుపెట్టుకుంటుంది. కొంతదూరం అందరికీ ఒకటే కథ. ఆ తరువాత చీలుతుంది. చీలిన ఒక్కొక్క పాయను రూటు అంటారు, మనం దారి అందాము. ఒక్కో దారి ఒక్కో ప్రేమకథ. దాని చివర మంచి ముగింపు, చెడు ముగింపు, కొన్నిచోట్ల రెండూ కాని ముగింపు ఉంటాయి. ఒక ముగింపు చూసినవాడు వెనక్కి వచ్చి మరో దారి పట్టవచ్చును. ముగ్గురు వరులుంటే ముగ్గురికీ కథ ఉంటుంది, తీర్పరి ఉండడు. వినడానికి ఇది గొప్ప న్యాయంగానే ఉంటుంది. మా వృత్తిలో రూపంలో సమానత, సారంలో సమానత అని రెండు మాటలు వాడుతాము. ఆ రెంటికీ నడుమ ఉన్న దూరం ఇక్కడా కనబడుతుంది.

1994లో కోనామి సంస్థ 'తొకిమెకి మెమోరియల్' అనే ఆటను విడుదల చేసింది. మూడేళ్ళ ఉన్నత పాఠశాల జీవితం అందులోని కథ. చదువు, వ్యాయామం, కళలు అంటూ నాయకుడి గుణాలను అంకెల్లో పెంచుకుంటూ పోవాలి. చివరి రోజున బడి ఆవరణలోని ఒక చెట్టు కింద ఎవరో ఒక అమ్మాయి తన ప్రేమను చెబితే మంచి ముగింపు. చిన్ననాటి నేస్తం ఫుజిసాకి షియోరి మనసు గెలవడం అన్నిటికంటే కష్టం, ఆమెకు అన్ని గుణాలూ కావాలి. ఒకరినే పట్టుకొని తక్కినవారిని మరిచిపోకుండా చేయడానికి ఆ ఆటలో ఒక ఉపాయం పెట్టారు. పరిచయమైన అమ్మాయిని చాలాకాలం పట్టించుకోకపోతే ఆమె పేరు దగ్గర బాంబు గుర్తు వస్తుంది. అది పేలితే అందరి దృష్టిలోనూ నాయకుడి విలువ పడిపోతుంది. కనుక ఆటగాడు ప్రేమ ఉన్నా లేకపోయినా అందరి దగ్గరకూ వంతులవారీగా వెళ్ళి వస్తుంటాడు. ఇదీ సంతులనమే, కాని అప్పులవాళ్ళను సముదాయించే షావుకారు సంతులనం. ఎవరూ అలగకుండా చూసుకోవడాన్ని అందరినీ గౌరవించడం అనలేము.

అదే ఏడాది కోయె సంస్థలో రూబీ పార్టీ అనే మహిళా బృందం అమ్మాయిల కోసం 'ఏంజెలిక్' అనే ఆటను చేసింది. నాయిక ఒక లోకానికి రాణి పదవి కోసం పోటీపడుతుంటుంది. ఆమె చుట్టూ తొమ్మిదిమంది సంరక్షకులు ఉంటారు. వారిలో ఒకరిని ప్రేమించి పోటీనుంచి తప్పుకోవచ్చును, సింహాసనం ఎక్కవచ్చును. రెండూ గౌరవప్రదమైన ముగింపులే. పెళ్ళి కాకపోతే ఆడపిల్ల కథ విఫలమైనట్లు చూపే రచనలు ఇప్పటికీ వస్తున్నాయి కనుక, ముప్పై ఏళ్ళ కిందటి ఆ తక్కెడను నేను మెచ్చుకుంటాను.

2004లో టైప్-మూన్ బృందం వెలువరించిన 'ఫేట్/స్టే నైట్' లో మూడు దారులున్నాయి. మొదట సేబర్ కథ, అది ముగిస్తేనే తొసాకా రిన్ కథ, ఆ తరువాతనే మాతో సాకురా కథ. ఈ వరుస చదువరి చేతిలో లేదు. రచయిత నాసు కినోకో దీనిని కావాలనే ఇలా అమర్చారు. లోకంలో అందరినీ రక్షించాలన్న నాయకుడి ఆదర్శాన్ని మొదటి దారి నిలబెడుతుంది, రెండవది ప్రశ్నిస్తుంది, మూడవదానిలో ఒక్క మనిషి కోసం అతడు దానిని వదులుకుంటాడు. మొదటి రెండు దారుల్లో మూలన కూర్చుని వంట చేసిపెట్టే పిల్లగా మాత్రమే కనిపించే సాకురా ఎంత బాధను మోస్తూ వచ్చిందో మూడవసారికి గాని తెలియదు. వరుస చివరన ఉన్నంత మాత్రాన చిన్నచూపు చూశారని అనలేము. ఇక్కడ చివరి చోటే బరువైన చోటు. అయితే ఇల్యా అనే మరో పాత్రకు ప్రత్యేకమైన దారి రాయాలని మొదట అనుకొని, తరువాత విరమించి, ఆ కథలో కొంత సాకురా దారిలో కలిపివేశారు. విలీనమైనవారి సంగతి మన సరిహద్దువారికి ఎవరూ వివరించనక్కరలేదు.

అసలు దారే లేని పాత్ర సంగతి ఏమిటి? 2017లో అమెరికాలోని టీమ్ సాల్వాటో ఉచితంగా విడుదల చేసిన 'డోకీ డోకీ లిటరేచర్ క్లబ్' దీని మీదనే నడుస్తుంది. సాహిత్య సంఘంలో నలుగురు అమ్మాయిలుంటారు. ముగ్గురిని ఎంచుకోవచ్చు, సంఘం నాయకురాలు మోనికాను ఎంచుకోలేము. తాను ఒక ఆటలో పాత్రననీ, అందులో తనకు దారి రాయలేదనీ ఆమెకు తెలిసిపోతుంది. తక్కినవారి కథలను చెరిపి తనకు చోటు చేసుకోబోతుంది. ఆమె చేసిన పని దారుణం, ఆమె ఫిర్యాదు మాత్రం నిజం. దీనిలో ఆత్మహత్య, భయానక దృశ్యాలు ఉన్నాయి. తల్లిదండ్రులు చూడకుండా పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది మరొకటి. అంతర్జాలంలో కలుసుకున్న పలు దేశాల ఔత్సాహికులు ఫోర్ లీఫ్ స్టూడియోస్ పేరుతో 2012 జనవరిలో ఉచితంగా విడుదల చేసిన 'కటవా షోజో' అది. శారీరక వైకల్యాలున్న విద్యార్థుల పాఠశాల కథ. పేరులోని కటవా జపనీయంలో వికలాంగులను కించపరిచే మాట. ఆ పేరును నేను సమర్థించను. పెద్దలకు మాత్రమే తగిన దృశ్యాలు కొన్ని ఉన్నాయి, వాటిని తీసివేసి చదువుకొనే ఏర్పాటు ఆటలోనే ఉన్నది. గుండెజబ్బుతో ఆ బడిలో చేరిన హిసావొ అనే కుర్రాడికి ఐదుగురు అమ్మాయిలు పరిచయమవుతారు. ఐదు దారులను ఐదుగురు రచయితలు రాశారు. మొదటి అంకంలో ఎవరి వైపూ మొగ్గకుండా గడిపితే హిసావొ పొరుగుగది కుర్రాడితో మేడమీద తాగుతూ కిందపడి చనిపోతాడు. ఎవరితోనూ చేరని తటస్థుడికి అంతకంటే మర్యాదైన ముగింపు ఇవ్వడానికి ఆ రచయితలకు మనసొప్పలేదన్నమాట.

హనాకో అనే అమ్మాయి ముఖం మీద, ఒంటి మీద కాలిన మచ్చలుంటాయి. మనుషులను చూస్తే బెదురుతుంది. ఆమె దారిలో చదువరి సహజంగానే దయగల జవాబులు ఎంచుకుంటాడు. ఆమెను కనిపెట్టుకొని ఉంటాడు, అడుగడుగునా ఆమె తరపున ఆందోళన పడతాడు. ఆ జవాబులే చెడు ముగింపుకు తీసుకుపోతాయి. తనను పసిపిల్లలా, పనికిరానిదానిలా చూశారని ఆమె హిసావొ మీద విరుచుకుపడుతుంది. కొంత దూరం నిలబడి, ఆమె తన నిర్ణయం తాను చేసుకోగలదని నమ్మినవాడికే మంచి ముగింపు. ఈ ఒక్క దారి కోసమైనా అల్పసంఖ్యాకుల మేలుకోరే అధికారులందరిచేతా దీనిని చదివించాలనిపిస్తుంది. మీ కోసమే చేస్తున్నాము అంటూ మమ్మల్ని అడగకుండా చేసిన పనుల దస్త్రాలు నా బీరువాలో ఎన్నో ఉన్నాయి.

ఇక షిజునే. ఆమెకు వినబడదు, ఆమె భాష జపనీయ సంజ్ఞాభాష. ఆమె చేతులతో చెప్పినది మీషా అనే స్నేహితురాలు నోటితో చెబుతుంది. షిజునే పట్టుదలగల తరగతి నాయకురాలు, మీషా గలగలా నవ్వే పిల్ల. కటువుగా బయలుదేరిన మాట నవ్వు తొడుక్కొని మన దగ్గరకు వస్తుంది. అందులో షిజునే ఎంత, మీషా ఎంత అన్నది మనకు తెలియదు. సరిహద్దు జిల్లాల న్యాయస్థానాలలో సాక్షి తెలుగులో చెప్పినది మరో భాషలో నమోదయ్యేటప్పుడు ఏమేమి రాలిపోతాయో చూస్తున్నవాడిని కనుక ఈ పాత్ర దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హిసావొ సంజ్ఞాభాష నేర్చుకుంటాడు. అప్పటి నుండి ఆమె మాటలు మధ్యవర్తి లేకుండా అతడికి చేరుతాయి. ప్రేమకు గుర్తుగా ఆ కథలో పెట్టిన పెద్ద పని ఆమె భాష నేర్చుకోవడమే.

అయితే చీలిక దాటిన తరువాత ఆ దారి పొడుగునా చదువరిని అడిగే ప్రశ్న ఒక్కటే. తక్కిన దారుల్లో పలు ఎంపికలుండగా ఇక్కడ ఒక్కటే ఏమిటని ఎంతోమంది అసంతృప్తి పడ్డారు. లెక్క చూస్తే వారి మాట నిజమే. ఆ ఒక్క ప్రశ్న ఎవరి గురించి అన్నది చూడాలి. ఇద్దరి నడుమ దుబాసీగా ఉన్న మీషా ఇప్పుడు అక్కరలేనిదైపోయింది. ఆమెకు షిజునే మీద తీరని ప్రేమ ఉండేది. దుఃఖంలో ఉన్న మీషా హిసావొ దగ్గరకు వచ్చి కోరరాని ఓదార్పు కోరుతుంది. ఒప్పుకుంటే ముగ్గురి బంధమూ చెడుతుంది, కాదంటే నిలుస్తుంది. ముగ్గురిలో ఎవరికి చోటు లేకుండా పోతున్నదో వారి చుట్టూనే ఆ దారి ముగింపును కట్టారు. కథనం మధ్యలో సాగదీసినట్లున్నదని నేనూ ఒప్పుకుంటాను, ఎంపికల సంఖ్య తక్కువన్న అభియోగాన్ని మాత్రం కొట్టివేస్తాను. నాలుగు చోట్ల అడిగి, ఏమి చెప్పినా ఒకే చోటికి చేర్చే దారుల కంటే ఇది నిజాయితీగలది.

దారి పేరు పట్టికలో ఉండడం వేరు, దారిలో కథ ఉండడం వేరు. కాలనిర్ణయపట్టికలో తెలుగు గంట ఉండి తరగతిలో పంతులు లేని బళ్ళు మనకు తెలుసు. ఇటువంటి రచన చేతికి వచ్చినప్పుడు నేను మొదట చూసేది చీలిక ఎక్కడ వచ్చిందన్నది. అందరికీ ఉమ్మడి అయిన భాగంలో ఒక పాత్రనే పదేపదే చూపి, మరో పాత్రకు రెండే సన్నివేశాలు ఇచ్చి ఉంటే, తరువాత ఎన్ని పుటలు రాసినా చదువరి ఆమెను చిన్నదానిగానే చూస్తాడు. ఇక 'అసలైన ముగింపు' అన్న ముద్ర ఉన్నది. కీ సంస్థ 2004లో విడుదల చేసిన 'క్లన్నాడ్' లో తక్కిన పాత్రల దారులు పూర్తిచేస్తూ వెలుగు గోళాలు కూడబెట్టుకుంటేనే నాగిసా వైవాహిక జీవితపు కథ తెరుచుకుంటుంది. ఆ కథ ఎంతటివారినైనా కన్నీరు పెట్టిస్తుంది, అందులో సందేహం లేదు. తక్కినవారి సుఖదుఃఖాలు ఒకరి తలుపుకు తాళపుచెవులయ్యాయన్న అసంతృప్తి నాకు మిగిలిపోయింది.

యువకులు అడగబోయే ప్రశ్నకు వస్తాను: ఇవి తెలుగులో రావా? 'కటవా షోజో' ను అభిమానులే ఫ్రెంచి, స్పానిషు, రష్యను, జర్మను భాషల్లోకి తెచ్చుకున్నారు. దాని అనుమతిపత్రం ఉచితంగా పంచుకోనిస్తుంది గాని మార్పులు చేయనివ్వదు. అనువదించదలచినవారు రచయితల సమ్మతి తీసుకొని మొదలుపెట్టాలి. సొంతంగా రాసుకొనేవారికి రెన్‌పై అనే సాధనం 2004 నుండి ఉచితంగా దొరుకుతున్నది. జపనీయంలో ప్రేమ అనే అర్థమున్న రెన్ఐ, పైథాన్ అనే కంప్యూటరు భాష, ఈ రెండూ కలిసిన పేరు అది. మన లిపిని సరిగా చూపాలంటే వత్తులను, గుణింతాలను వాటి వాటి చోట్ల కూర్చే అమరిక సాధనంలోనే ఉండాలి. 2024లో వచ్చిన 8.2 వెర్షనులో అటువంటి అమరికను చేర్చారు.

రాయబోయేవారు ఒక సంగతి గమనించాలి. జపనీయంలో ఇంటిపేరుకు గౌరవవాచకం చేర్చి పిలిచేవారు సొంతపేరుతో పిలవడం మొదలుపెడితే దారి మలుపు తిరిగినట్లే. ఆంగ్లానువాదంలో అది చాలావరకు ఎగిరిపోతుంది. తెలుగులో మీరు నుండి నువ్వుకు వచ్చే క్షణం ఉన్నది, ఏమండీ ఉన్నది, వరస కలిపి బావా అని మొదటిసారి పిలవడం ఉన్నది. కనుక పిలుపు ఎంతవరకు వచ్చిందో యంత్రం గుర్తుపెట్టుకొనేటట్లు ఒక అంకె పెట్టుకోవాలి. ఒకే వాక్యాన్ని మీరుతో ఒకసారి, నువ్వుతో ఒకసారి రాసి ఉంచాలి. హోసూరు అమ్మాయి మాట, బళ్ళారి అమ్మాయి మాట, బరంపురం అమ్మాయి మాట ఒకే పుస్తకపు తెలుగులోకి దిద్దకుండా ఎవరి యాసలో వారి దారి రాయాలి. నమూనాగా రెండు పుటలు రాసి అచ్చు తీయించి తెచ్చాను, కావలసినవారు సభ ముగిశాక వచ్చి తీసుకోండి.