మీ స్కూల్లో 20 లక్షల ల్యాబ్ ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది?

బెజవాడ నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశా. ఈ రోజు ఫోన్ రివ్యూ లేదు, ఏఐ టూల్స్ లేవు. ఒక కాలువ కథ చెప్తాను.

సింగ్ నగర్లో ఒక సైడు కాలువ. ఆ కాలువలో పొద్దున ఆరింటికి ఉన్న నీళ్ళు మధ్యాహ్నం రెండింటికల్లా నాలుగు సెంటీమీటర్లు పెరుగుతాయి. వాన లేదు. పైన ఎవరూ లాకులు ఎత్తలేదు. రాత్రికి మళ్ళీ తగ్గిపోతాయి. మర్నాడు మళ్ళీ అదే కథ. ఎందుకో ఆలోచిస్తూ ఉండండి, వస్తాను అక్కడికి.

ముందు నా సంగతి. నేను ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్. ఇక్కడి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం టెస్ట్. ఏడో తరగతిలోనే ఓమ్స్ లా మీద లెక్కలు టకటకా చేసేవాణ్ణి. కానీ మల్టీమీటర్‌ని చేత్తో పట్టుకున్నది బీటెక్ సెకండియర్లో. అది కూడా నలుగురికి ఒకటి, నా వంతు వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ కరెంటు అంటే నాకు ఒక ఫార్ములా, అంతే.

అందుకే ఫ్రెండ్ వాళ్ళ అక్క "మా స్కూల్లో టింకరింగ్ ల్యాబ్ ఉంది, శనివారాలు వచ్చి పిల్లలకి కోడింగ్ చెప్తావా?" అంటే సరే అన్నాను. ఆవిడ అక్కడ సైన్స్ మేడమ్. స్కూల్ పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది.

టింకరింగ్ ల్యాబ్ అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో. నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ అని 2016లో మొదలైంది. ఎంపికైన స్కూలుకి ఐదేళ్ళకి కలిపి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. సామానుకీ, నడపడానికీ రెండిటికీ కలిపి. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. త్రీడీ ప్రింటర్, ఆర్డుయినో బోర్డులు, సెన్సర్లు, మోటార్లు, పనిముట్లు. దేశం మొత్తం మీద 10 వేల స్కూళ్ళకి ఇచ్చారు. 2025 బడ్జెట్‌లో అయితే వచ్చే ఐదేళ్ళలో ప్రభుత్వ స్కూళ్ళలో ఇంకో 50 వేలు పెడతామన్నారు. అంటే మీ తమ్ముడో చెల్లెలో చదివే స్కూలుకి రేపో మాపో వచ్చే అవకాశం గట్టిగానే ఉంది.

మరి నేను వెళ్ళిన మొదటి శనివారం ఏం జరిగింది? తాళం. తాళం చెవి ఆఫీసులో ఉంది. ఆఫీసు సార్ హాఫ్ డే అని వెళ్ళిపోయారు. రెండో శనివారం తలుపు తెరిచారు. త్రీడీ ప్రింటర్ మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. గోడ మీద రాకెట్ బొమ్మ కొత్తగా మెరిసిపోతోంది. బోర్డులు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, సీలు కూడా తియ్యలేదు.

నాకు ఒళ్ళు మండింది. "ఇంత సామాను పెట్టుకుని ఏంటండీ ఇది?" అనేశాను. మేడమ్ ఏమీ అనకుండా ఒక పెద్ద రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టారు. స్టాక్ రిజిస్టర్. అందులో ప్రతి ఎల్‌ఈడీకీ లెక్క ఉంది. "ఒక సెన్సర్ కాలిపోతే ఆడిట్‌లో నేను సమాధానం చెప్పాలి బాబూ. పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయి. ముట్టుకోకపోతే లెక్క సరిగ్గా ఉంటుంది. నువ్వు నా చోట ఉంటే ఏం చేస్తావు?" అన్నారు.

నిజం చెప్తున్నా, నేను కూడా తాళమే వేస్తాను. ల్యాబులు మూతపడి ఉంటే టీచర్ల బద్ధకం అని మనం ఈజీగా అనేస్తాం. నాకు అక్కడ కనిపించింది బద్ధకం కాదు, భయం. వస్తువు పాడైతే అడిగేవాళ్ళున్నారు. పిల్లాడు నేర్చుకోకపోతే అడిగేవాళ్ళు లేరు.

మేడమే దీనికి దారి వెతికారు. హెడ్ మాస్టారితో మాట్లాడి సామానుని రెండు భాగాలు చేశారు. వైర్లు, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, చిన్న సెన్సర్లు అన్నీ "వాడితే అయిపోయేవి" అని రాయించారు, మన సుద్దముక్కల్లాగా. అవన్నీ తాళం లేని డబ్బాలోకి వచ్చాయి. ప్రింటరు, పెద్ద పనిముట్లు లోపలే. ఈ ఒక్క పనితో జరిగిన మార్పు నా కోడింగ్ క్లాసులన్నీ కలిపినా జరగలేదు.

సరే, పిల్లలొచ్చారు. మొదట ఏం చేశారో చెప్పనా? స్మార్ట్ డస్ట్‌బిన్. చెయ్యి పెడితే మూత తెరుచుకునేది. ఆ తర్వాత చూపు లేని వాళ్ళ కోసం స్మార్ట్ స్టిక్. ఏ సైన్స్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినా ఈ రెండూ ఉంటాయి. తప్పు వాళ్ళది కాదు, యూట్యూబ్‌లో అవే ఉన్నాయి. నేనూ ఒకప్పుడు అలాంటి వీడియో చేశాను, వ్యూస్ కూడా బాగా వచ్చాయి.

ఒక అమ్మాయి మాత్రం డస్ట్‌బిన్ చెయ్యనంది. ఏడో తరగతి. సింగ్ నగర్ అమ్మాయి. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు మనందరికీ గుర్తే కదా. వాళ్ళింట్లో నిద్ర లేచేసరికి నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చేశాయట. ఫ్రిజ్ పడవలా తేలిందని నవ్వుతూ చెప్పింది. పుస్తకాలు పోయిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు. డస్ట్‌బిన్ మూత తెరిచే సెన్సర్ చూసి ఆ పిల్ల అడిగింది: "అన్నయ్యా, ఇది దూరం కొలుస్తుంది కదా. మా ఇంటి ముందు కాలువ మీద పెడితే, నీళ్ళు పైకి వస్తున్నాయని రాత్రిపూట నిద్ర లేపుతుందా?"

లేపుతుంది. అల్ట్రాసోనిక్ సెన్సర్ అది, వంద రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. మన చెవికి వినపడని శబ్దాన్ని, సెకనుకి 40 వేల కంపనాలది, బయటికి పంపుతుంది. అది నీళ్ళకి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంది. ఆ టైముని శబ్ద వేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. ఐస్‌క్రీమ్ డబ్బాకి కన్నాలు పెట్టి, అందులో సెన్సర్ బిగించి, పవర్ బ్యాంక్ పెట్టి, వాళ్ళ ఇంటి ముందు కల్వర్టు మీద కట్టాం. కింద నీళ్ళు సుమారు రెండు మీటర్ల దూరంలో ఉన్నాయి. మార్చి నెల. ఆదివారం పొద్దుటి నుంచి రెండేసి గంటలకొకసారి నోటుబుక్కులో రాసింది.

పొద్దున ఆరింటికి 198 సెంటీమీటర్లు. మధ్యాహ్నం రెండింటికి 194. నీళ్ళు దగ్గరికొచ్చాయి, అంటే పెరిగాయి. వారం రోజులు అదే వరస.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా పనిచేసిన నేను ఏమన్నానో తెలుసా? "వైర్ లూజ్ అయ్యుంటుంది, మార్చెయ్." మార్చింది. మళ్ళీ 194. "సెన్సర్ బాలేదు, ఇంకోటి పెట్టు." పెట్టింది. మళ్ళీ అదే. ఇంకో కుర్రాడు, "మధ్యాహ్నం అందరూ బట్టలుతికిన నీళ్ళు వదులుతారు, అందుకే పెరుగుతోంది" అన్నాడు. నాకది బాగానే అనిపించింది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మా వీధిలో రెండింటికి ఎవరుతుకుతారు? ఎండ మాడిపోతుంటే అందరూ పడుకుంటారు" అంది. పైగా కాలువలో గీతలు గీసిన కర్ర ఒకటి పాతింది. కర్ర మీద నీళ్ళు అంగుళం కూడా కదల్లేదు.

అంటే కర్ర ఒకటి చెప్తోంది, సెన్సర్ ఇంకోటి చెప్తోంది. ఎవరు అబద్ధం?

పిల్లలందరూ కలిసి సెన్సర్‌ని స్కూలు డాబా మీదికి తీసుకెళ్ళారు. టేపుతో కొలిచి గోడకి సరిగ్గా రెండు మీటర్ల దూరంలో పెట్టారు. గోడ ఎటూ పోదు కదా. పొద్దున కొలిచారు, మధ్యాహ్నం కొలిచారు. గోడ కూడా నాలుగు సెంటీమీటర్లు ముందుకి నడిచింది! ఇక ఆ గోల చూడాలి మీరు. అప్పుడు ఆ అమ్మాయి నోటుబుక్కు తిరగేసి ఇంకోటి పట్టుకుంది. మబ్బు పట్టిన రోజు తేడా తక్కువగా ఉంది. ఎండలోనే ఉంది మర్మం.

మేటర్ ఇది. శబ్దం వేడి గాలిలో వేగంగా వెళ్తుంది. డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. మన ప్రోగ్రామ్‌లో సెకనుకి 343 మీటర్లు అని రాశాం, అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. నెట్‌లోంచి కాపీ కొట్టిన కోడ్‌లో అలాగే ఉంటుంది మరి. మార్చిలో పొద్దున మన దగ్గర 25 డిగ్రీలుంటే వేగం 346, మధ్యాహ్నం 37 ఉంటే దాదాపు 354. శబ్దం తొందరగా తిరిగొస్తుంది, సెన్సర్ ఏమో నీళ్ళు దగ్గరికొచ్చాయనుకుంటుంది. ఆ 20 డిగ్రీలు ఎక్కడి వాతావరణమో గానీ బెజవాడది మాత్రం కాదు. చిన్న టెంపరేచర్ సెన్సర్ తగిలించి, కోడ్‌లో ఒక్క లైన్ మార్చాం. మధ్యాహ్నం కాలువ పెరగడం ఆగిపోయింది.

నా బీటెక్ మొత్తంలో ఇలాంటి రోజు ఒక్కటి లేదు.

ఇదేదో కొత్త ఐడియా అనుకోకండి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లెటూరి స్కూళ్ళలో మొదలుపెట్టారు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకే. సైన్స్ అంటే ప్రయోగం చేసి, రాసుకుని, వాదించుకోవడమే. పరీక్షకి పుస్తకం తీసుకెళ్ళొచ్చు, ప్రాక్టికల్‌కి కూడా మార్కులుండేవి. తర్వాత వందల స్కూళ్ళకి పాకింది, 2002లో ఆపేశారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబుతో బొమ్మలు చేసే అరవింద్ గుప్తా వీడియోలు మీలో కొందరు చూసే ఉంటారు. ఆయన ఐఐటీ ఇంజనీర్, ఆయనకి ఆ దారి దొరికింది అక్కడే. మన రాష్ట్రంలో కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు వ్యాన్లలో ప్రయోగాలు పెట్టుకుని స్కూళ్ళకే వెళ్తున్నారు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు చెకుముకి పేరుతో పిల్లలకి పత్రిక వేస్తున్నారు, సంబరాలు పెడుతున్నారు. 20 లక్షలు లేకుండానే ఇవన్నీ నడిచాయని గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు ఇబ్బంది ఏప్రిల్‌లో వచ్చింది. ఆ అమ్మాయి రావడం మానేసింది. ఎనిమిదో తరగతికి వేరే స్కూల్లో ఫౌండేషన్ బ్యాచ్‌లో వేస్తున్నారు, అడ్వాన్స్ కూడా కట్టేశారని తెలిసింది. నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న ఆటో నడుపుతారు. టీ ఇచ్చారు. నేను పెద్ద స్పీచ్ ప్రిపేరై వెళ్ళాను లెండి.

ఆయన ఒక్కటే అడిగారు. "బాబూ, నిజం చెప్పు. ఈ డబ్బా వల్ల సీటొస్తుందా?"

"రాదు బాబాయ్" అన్నాను. ఇంకేం చెప్పాలి? "కానీ నేను కూడా ఆ బ్యాచ్‌లోనే చదివాను, నాకు ఏం మిస్సయిందో ఇప్పుడు తెలుస్తోంది" అని మొదలుపెట్టబోయాను. ఆయన నవ్వారు. "సీటు తెచ్చుకుని, ఉద్యోగం చేసి, మానేసి, ఇప్పుడొచ్చి చెప్తున్నావు. మా పిల్లకి అదేదో ముందు రానివ్వు బాబూ."

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. ఆ మాటలో న్యాయం ఉంది. ఫ్లడ్‌లో ఇంట్లో సామానంతా పోగొట్టుకున్న మనిషి కూతురికి గ్యారంటీ ఉన్న దారి వెతుకుతాడు. ఆరు నుంచి ఎనిమిది దాకా బోర్డు పరీక్షలు లేని ఆ మూడేళ్ళూ ఆడుకుంటూ నేర్చుకోవాలని మనం వీడియోల్లో చెప్పడం వేరు, ఆటో కిస్తీ కడుతూ వినడం వేరు.

ఒక్కటి అడిగాను. "కాలువ మీ ఇంటి ముందే ఉంది కదా బాబాయ్, డబ్బా ఇక్కడే ఉండనిస్తారా?" దానికి సరే అన్నారు. స్కూల్ బోర్డు బయటికి ఇవ్వడానికి వీల్లేదు, రిజిస్టర్ సంగతి తెలుసుగా. వెయ్యి రూపాయల లోపే ఇంకోటి తయారు చేసుకున్నాం.

ఇది చూస్తున్న స్కూల్ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక పనికొచ్చే ముక్క. ఇన్‌స్పైర్ మానక్ అని ఉంది. ఆరో తరగతి నుంచే ఐడియా పంపొచ్చు. సెలెక్ట్ అయితే మోడల్ చెయ్యడానికి 10 వేల రూపాయలు స్టూడెంట్ బ్యాంక్ ఖాతాలోనే పడతాయి. ఆ తర్వాత జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి. కానీ మీరు సొంతంగా అప్లై చెయ్యలేరు, స్కూలే పంపాలి. అందుకే హెడ్ మాస్టారిని వెళ్ళి అడగండి, ఈ ఏడాది మన స్కూల్ నుంచి పంపుతున్నారా అని. డస్ట్‌బిన్ మాత్రం వద్దు ప్లీజ్. మీది కైకలూరు వైపైతే రొయ్యల చెరువులో తెల్లారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో చూడండి. దివిసీమ అయితే బోరు నీళ్ళు ఎప్పుడెప్పుడు ఉప్పగా మారుతున్నాయో రాసిపెట్టండి.

నాలాగా ఉద్యోగాలు చేసేవాళ్ళకి, అటల్ ల్యాబుల్లో మెంటర్ ఆఫ్ చేంజ్ అని వాలంటీర్ పని ఉంది, వారానికి ఒకటి రెండు గంటలు. వెళ్ళండి. వెళ్ళాక వైర్ లూజ్ అని మాత్రం అనకండి.

ఆ అమ్మాయి జూన్‌లో కొత్త స్కూల్లో చేరింది. పొద్దున ఆరున్నరకి బస్సు. శనివారాలు రావట్లేదు. మొన్న రాత్రి పదింటికి, బయట వాన దంచుతుంటే, వాళ్ళ నాన్న నంబర్ నుంచి వాట్సాప్ వచ్చింది. టార్చి వెలుగులో కర్ర ఫోటో. కింద ఇలా ఉంది: "అన్నయ్యా డబ్బా 11 సెంటీమీటర్లు పెరిగిందంటోంది. కర్ర కూడా 11 అంటోంది. నాన్న ఫ్రిజ్ కింద ఇటుకలు పెడుతున్నారు."

వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.