పాత కారు కొత్తగా కొన్నవారికి: ఇంజను చప్పుడు గురించి నాలుగు మాటలు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. కలిసినప్పుడల్లా కరువు భృతి, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "ఇంట్లో పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. అందుచేత సెకండ్ హ్యాండ్ కార్లలో వచ్చే ఇంజను చప్పుడును విషయంగా తీసుకున్నాను.

నేను మెకానిక్కును కాను, గుమాస్తాని. సర్వీసులో చాలాకాలం ఆఫీసు జీపుల లాగ్‌బుక్కులూ, రిపేరు బిల్లులూ నా సీటులోనే ఉండేవి. ఏ భాగం ఎందుకు మార్చారో తెలియనిదే బిల్లు మీద నోటు రాయడం నాకు ఇష్టముండేది కాదు. కాబట్టి షెడ్డుకు వెళ్ళి డ్రైవర్లనూ, మేస్త్రీలనూ అడిగేవాణ్ణి. ఈ రోజు చెప్పేదంతా అలా విన్నదీ, ఆ తర్వాత చదివి సరిచూసుకున్నదీ.

మన సభ్యులొకరు, పేరు అవసరం లేదు, ఈమధ్య కమ్యుటేషన్ డబ్బులో మిగిలినదానితో తొమ్మిదేళ్ళ పెట్రోలు కారు కొన్నారు. షోకు కోసం కాదు. వారి శ్రీమతికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. తెల్లవారుజామున ఆటో దొరకదు. కొన్న నాలుగో రోజున ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజనులో గలగలమని చప్పుడు. ఒక మెకానిక్కు "ఇంజను దించాలి సార్" అన్నాడు. ఇంకొకాయన "పాత బండి కదా, మామూలే" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ ఒక నిమిషం నిలబడి విన్నది లేదు. మొదటి మాట నమ్మితే చేతిలో మిగిలిన డబ్బు పోతుంది. రెండో మాట నమ్మి అది అబద్ధమైతే, పేషెంటుతో సహా నడిరోడ్డు మీద నిలబడాలి.

ఇలాంటప్పుడు నేను చెప్పేది ఒకటే. చప్పుడు ఒక అర్జీ లాంటిది. అర్జీ చదవకుండా ఎండార్స్‌మెంటు రాయకూడదు.

మొదట చూడవలసింది ఆయిలు. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్కు తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీయండి. ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండాలి. కింది గుర్తుకు తక్కువగా ఉంటే, బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోసి, అప్పుడు విని చూడండి. ఆయిలు నల్లగా ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే రేడియేటరు నీళ్ళు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. వేళ్ళ మధ్య రాసి ఎండలో చూస్తే తళతళలాడే లోహపు రేణువులు కనిపించాయా, లోపల ఏదో అరుగుతున్నట్టే. ఆ బండిని ఇక నడపకూడదు.

ఆ తర్వాత అడగవలసినవి మూడు ప్రశ్నలు. చప్పుడు ఎప్పుడు వస్తోంది? ఎక్కడి నుంచి వస్తోంది? ఎలా ఉంది?

ఎప్పుడు అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. మేస్త్రీలు నాకింగ్ అని ఒకే మాట వాడినా, అందులో వేరువేరు జబ్బులున్నాయి.

మొదటిది, ఇంజను వేడెక్కాక, బరువు లాగేటప్పుడు మాత్రమే వచ్చే చప్పుడు. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు సన్నగా, లోహపు మోతతో ఉంటుంది. ఫ్లైఓవర్ల మీద, శ్రీశైలం ఘాట్ రోడ్డు లాంటి చోట్ల, పెద్ద గేరులో నెమ్మదిగా పోతూ ఆక్సిలరేటరు తొక్కినప్పుడు వినిపిస్తుంది. దీని కారణం మంటలో ఉంది. ప్లగ్గు నిప్పు పెట్టాక సిలిండరులోని పెట్రోలు ఆవిరి చిచ్చుబుడ్డిలా వరుసగా మండాలి. అలా కాకుండా, మంట చేరకముందే మూలనున్న ఆవిరి వేడికీ ఒత్తిడికీ తనంతట తానే అంటుకుంటే లక్ష్మీబాంబులా పేలుతుంది. ఆ దెబ్బకు సిలిండరు గోడలు మోగుతాయి.

దీనికి కారణాలు: సిలిండరులో పేరుకున్న కార్బన్, రకం తప్పిన ప్లగ్గులు, ఇంజను అతిగా వేడెక్కడం, పాత బళ్ళలో ముందుకు జరిగిన టైమింగు, తక్కువ ఆక్టేన్ పెట్రోలు. ఈ జబ్బుకు మందుగానే 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు మిశ్రమం కలిపే పద్ధతి కనిపెట్టాడు. చప్పుడు తగ్గింది కానీ గాలి విషమైంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి అంతటా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు మీద కొందరు ఈ నేరం మోపుతున్నారు. పాత బళ్ళ రబ్బరు భాగాల గురించీ, మైలేజీ గురించీ మాట్లాడుకోవచ్చు గానీ, ఇథనాల్‌కు స్వతహాగా నాకింగ్‌ను తట్టుకునే గుణం ఉంది. కనుక ముందు ప్లగ్గులు, రేడియేటరు చూసుకుని, ఆ తర్వాత పెట్రోలును అనుమానించాలి.

రెండోది, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు టకటకమని వచ్చి, నాలుగైదు నిమిషాల్లో తగ్గిపోయేది. అరిగిన బోరులో చల్లని పిస్టన్ కాస్త వదులుగా ఆడుతుంది. వేడికి వ్యాకోచించాక సర్దుకుంటుంది. ఆయిలు ఎంత తాగుతోందో కనిపెట్టి ఉంటే చాలు. వెంటనే ఇంజను దించే పని లేదు.

మూడోది, ఇంజను పైభాగంలో కుట్టుమిషను నడిచినట్టు సన్నగా టిక్కుటిక్కుమనేది. ఇది సాధారణంగా టాపెట్లది. ఇంజను రెండు చుట్లు తిరిగితే వాల్వు ఒకసారి తెరుచుకుంటుంది కనుక ఈ చప్పుడు ఇంజను వేగంలో సగం వేగంతో ఉంటుంది. ఆయిలు తక్కువైనా, పాతబడినా వస్తుంది. చాలా బళ్ళలో సర్దుబాటుతో పోతుంది.

నాలుగోదే ప్రమాదకరమైనది. ఇంజను అడుగుభాగం నుంచి సుత్తితో కొట్టినట్టు బరువుగా ఠక్కు ఠక్కుమని వస్తుంది. వేడెక్కేకొద్దీ తగ్గదు సరికదా, ఆయిలు పలచబడి ఇంకా పెరుగుతుంది. ఆక్సిలరేటరు కొంచెం తొక్కి వదిలినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఇది కనెక్టింగ్ రాడ్డు బేరింగుల చప్పుడు. ఆ బేరింగు పలచటి ఆయిలు పొర మీద తేలుతూ తిరగాలి. పొర పోతే ఇనుము ఇనుముకు తగులుతుంది. దానితో పాటు ఆయిలు గుర్తుగల ఎర్ర దీపం వెలిగితే ఇంటిదాకా పోదామనుకోవద్దు. అక్కడే పక్కకు తీసి ఆపి, మరో బండితో లాగించండి. అప్పుడే ఆపితే బేరింగులతో పోవచ్చు. ఇంకా నడిపితే క్రాంకు, ఆ పైన మొత్తం ఇంజను.

ఇవి కాక, ఇంజనుది కాకుండానే ఇంజను మీద నింద వేసే చప్పుళ్ళున్నాయి. ఏసీ ఆపితే పోయేది కంప్రెసరుది. క్లచ్చి తొక్కితే మారేది క్లచ్చి బేరింగుదో గేరుబాక్సుదో. గేరు వేసి వదిలేటప్పుడు ఒక్కసారి ధన్‌మనేది ఇంజను మౌంటింగు కావచ్చు. సైలెన్సరు మీది వదులైన రేకు కూడా అచ్చం నాకింగ్‌లా మోగుతుంది. ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు.

ఎక్కడి నుంచి అన్నది తేల్చడానికి మేస్త్రీలు పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఆ పని వారినే చేయనివ్వండి. మనం కండువాతో, వదులు చొక్కా చేతులతో నడుస్తున్న ఇంజను మీదకు వంగకూడదు. కొన్ని బళ్ళలో రేడియేటరు ఫ్యాను ఇంజను ఆపాక కూడా తిరగవచ్చు. పూర్వం ఒక్కొక్క ప్లగ్గు వైరు తీసి, ఏ సిలిండరుకు చప్పుడు తగ్గుతుందో చూసేవారు. ఇప్పటి బళ్ళలో ఆ పని చేతితో చేయనివ్వకండి; హై ఓల్టేజీ దెబ్బ తగలవచ్చు, మండని పెట్రోలు పోయి సైలెన్సరులోని కన్వర్టరు పాడవుతుంది. స్కానరు పెట్టి ఇంజెక్టరును ఆపి చూసే సదుపాయం ఉంది. స్కానరులో పి0325 అని వస్తే నాక్ సెన్సారు సర్క్యూటులో లోపమని. అది సెన్సారు గురించి చెబుతుంది గానీ బేరింగుల గురించి చెప్పదు. బేరింగుల మీద అనుమానం ఉంటే ఇంజను విప్పకముందు ఆయిలు ప్రెషరును గేజి పెట్టి కొలవమనండి. పాత ఆయిలు ఫిల్టరును కోసి, లోపల లోహపు పొట్టు ఉందేమో చూపించమనండి. ఈ రెండూ చూడకుండా ఇంజను దించడానికి ఒప్పుకోవద్దు.

ఇక మన సభ్యుని కారు. మేమిద్దరం కాగితం తీసుకుని, రెండు రోజులు బండిలో తిరిగి, చప్పుడు వచ్చినప్పుడల్లా రాశాం. తేదీ, చల్లగా ఉందా వేడిగా ఉందా, ఏ గేరు, ఎంత వేగం, ఎత్తా పల్లమా, ఏసీ ఉందా లేదా. చూస్తే, నిలబడి ఉన్నప్పుడు ఒక్కసారీ రాలేదు. పొద్దున్న చల్లటి ఇంజనులో రాలేదు. ఎత్తు మీద నాలుగో గేరులో 30 కిలోమీటర్ల వేగంతో పోయినప్పుడే వచ్చింది. మూడో గేరులోకి దిగితే ఆగింది. ఆయిలు సరిగానే ఉంది. ఆ కాగితం పట్టుకుని మూడో మేస్త్రీ దగ్గరకు వెళ్ళాం. ఆయన అది చదివి, బానెట్ ఎత్తకముందే "ముందు ప్లగ్గులు చూద్దాం" అన్నాడు. అమ్మినవారు వేసిన ప్లగ్గులు ఆ బండికి చెప్పినవి కావు, వేడిని త్వరగా వదలని రకం. కూలెంటు కూడా తక్కువగా ఉంది. ప్లగ్గులు మార్చి, కూలెంటు నింపి, కార్బన్ శుభ్రం చేశాక చప్పుడు పోయింది. ఇంజను దించలేదు. ఆ దంపతులు అదే కారులో ఆసుపత్రికి వెళ్ళి వస్తున్నారు.

అన్నీ ఇలాగే ముగుస్తాయని చెప్పను. నా సర్వీసులో ఒక జీపు లాగ్‌బుక్కులో "ఇంజను చప్పుడు" అని మూడు వారాల్లో మూడుసార్లు రాసి ఉంది. ఎప్పుడు, ఎలా అన్నది ఒక్క ముక్క లేదు. షెడ్డువారు మూడుసార్లూ "సరిచేయబడినది" అని రాశారు. నాలుగోసారి రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. మూడు ఎంట్రీలలో ఒక్కదానిలోనైనా "వేడెక్కాక ఎక్కువవుతోంది, అడుగు నుంచి వస్తోంది" అని ఉంటే ఆ ఇంజను దక్కేదేమో.

ఇంకా కొనని వారికి ఒక మాట. కారు చూడడానికి పొద్దున్నే వెళ్ళండి. స్టార్టు చేయకముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఇంజను వేడి చేశారన్నమాట. మర్నాడు వస్తామని చెప్పండి. తాళం తిప్పగానే ఆయిలు ఎర్ర దీపం వెలగాలి, స్టార్టు అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే దీపం ఎందుకు వెలగలేదో తేలేవరకు అడ్వాన్సు ఇవ్వకండి. చిక్కటి ఆయిలు పోసి చప్పుడు అణచి అమ్మేవారున్నారు. కనుక బండిని కనీసం అరగంట నడిపి, ఒక ఎత్తు ఎక్కించి, రేడియో ఆపి వినండి.

వినికిడి తగ్గిన వయసు మనది. సన్నటి మోతలు మనకు అందకపోవచ్చు. మనవణ్ణో, మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు వింటారు, మీరు రాయండి. జీవితమంతా నోటు రాసిన చేతులు మనవి. ఆ ఒక్క కాగితం మెకానిక్కు చేతిలో పెట్టి, "దీనికి సమాధానం చెప్పి తర్వాత ఇంజను ముట్టుకో నాయనా" అనండి.