ఎలర్జీ పరీక్ష: బిడ్డకా? తల్లికా?

(జిల్లా స్థాయి మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఎలర్జీ పరీక్షల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను డాక్టర్ని కాను. ఆటిజం ఉన్న పదకొండేళ్ళ అబ్బాయికి తల్లిని. మా ఊళ్ళో ఇలాంటి పిల్లల తల్లులం పదిహేను మందిమి నెలకోసారి కలుస్తాం. బడి గురించి, పింఛను గురించి, సదరం సర్టిఫికెట్టు గురించి మాట్లాడుకోవాలని కూర్చుంటాం. కానీ ఈమధ్య ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక కాగితం తెస్తున్నారు. "ఈ టెస్టు చేయిస్తే ఆటిజం ఎందుకొచ్చిందో తెలిసిపోతుందట. చేయించమంటావా అక్కా?" అని అడుగుతున్నారు. ఆ కాగితం వెనక డబ్బుంది, భయముంది, నింద ఉంది. మూడూ ఆడవాళ్ళ నెత్తినే పడుతున్నాయి. అందుకే ఈ సంగతి ఇక్కడికి తెచ్చాను.

ముందు నింద గురించి చెబుతాను. 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో ఆటిజం గురించి మొదటి పత్రం రాశాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్న వాదం చెలామణీ అయింది. అలాంటి ఆడవాళ్ళకు 'ఫ్రిజ్ తల్లులు' అని పేరు పెట్టారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఒక పుస్తకమే రాసి ఆ వాదాన్ని మరింత ప్రచారం చేశాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ దానికి మూలం శరీరంలో ఉందని రాసినా, తల్లుల మీద పడిన మచ్చ పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇవాళ ఆ మాట ఎవరూ పైకి అనరు. "నీ ప్రేమ చాల్లేదు" అనే బదులు "నీ ఇంట్లో దుమ్ముంది, నీ వంటలో విషముంది, నువ్వు పెట్టే పాలే పిల్లవాడిని పాడుచేశాయి" అంటున్నారు. తీర్పు పాతదే, దానికి ఇప్పుడు ల్యాబు రిపోర్టు తోడైంది.

ఇక పరీక్షల సంగతి. ఎలర్జీకి మన భాషలో ఎప్పటినుంచో ఒక మాట ఉంది: 'పడదు'. కానీ ఈ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. రొయ్యలు తిన్న పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి అందకపోతే అది ఎలర్జీ. పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తే అది చాలామందిలో అరుగుదలకు సంబంధించిన ఇబ్బంది. కట్టెల పొగకు కళ్ళు మండి దగ్గు వస్తే అది ఘాటు చేసే పని. ఆటిజం ఉన్న పిల్లవాడు వంకాయ కూర ముద్దను ఉమ్మేస్తే, నోట్లో ఆ జిగట అతను భరించలేకపోతున్నాడని అర్థం. నాలుగింటికీ మనం 'పడదు' అనే అంటాం. ఎలర్జీ పరీక్ష జవాబు చెప్పగలిగేది మొదటిదానికి మాత్రమే.

శాస్త్రం ఒప్పుకున్న పరీక్షలు ముఖ్యంగా రెండు. ఒకటి చర్మం మీద చేసేది, స్కిన్ ప్రిక్ టెస్టు. ముంజేతి మీదో వీపు మీదో దుమ్ములో బతికే సూక్ష్మమైన పురుగులు, బొద్దింకలు, పుప్పొడి, బూజు వంటివాటి సారాన్ని ఒక్కొక్క చుక్క వేసి, చుక్క మీద చిన్న మొనతో గుచ్చుతారు. పదిహేను ఇరవై నిమిషాలు ఆగి, ఎక్కడ దద్దు లేచిందో కొలుస్తారు. రెండోది రక్తపరీక్ష. ఫలానా పదార్థానికి విరుద్ధంగా శరీరం తయారుచేసిన ఐజీఈ అనే ప్రతిరక్షకం ఎంత ఉందో చూస్తారు. ఈ రెండింటిలోనూ పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఆ పదార్థం తగిలినప్పుడు పిల్లవాడికి నిజంగా బాధ కలుగుతోందా అన్నది కలిపి చూడాలి. అందుకే మంచి డాక్టరు ముందు కబుర్లు అడుగుతాడు: ఏ కాలంలో వస్తోంది, ఏ గదిలో వస్తోంది, రాత్రా పగలా? వయ్యారిభామ పూసే రోజుల్లోనా, సర్కారు తుమ్మ పూసే రోజుల్లోనా? ఆ తర్వాతే పరీక్ష రాస్తాడు.

మా దగ్గరకు వస్తున్న కాగితాల్లో ఎక్కువ భాగం ఇవి కావు. వంద, రెండు వందల పదార్థాలకు ఒకేసారి చూస్తామనే ఐజీజీ పరీక్షలు. ఐజీజీ అంటే శరీరానికి ఒక ఆహారంతో పరిచయం ఉందని చెప్పే గుర్తు. దాని ఆధారంగా ఆహార ఎలర్జీని నిర్ణయించకూడదని ఐరోపా ఎలర్జీ నిపుణుల సంఘం 2008లోనూ, కెనడా నిపుణుల సంఘం 2012లోనూ స్పష్టంగా చెప్పాయి. ఇక్కడ జరుగుతున్నదేమిటి? రోజూ తినే బియ్యం, పెరుగు, కందిపప్పు కాగితం మీద శత్రువులుగా తేలుతున్నాయి. మా బృందంలో ఒక తల్లి గాజులు కుదువబెట్టి ఈ పరీక్ష చేయించింది. ఆ పాప తినేది రెండే రెండు: పెరుగన్నం, ఇడ్లీ. రిపోర్టు చూసి పెరుగు మానిపించమన్నారు. ఆటిజం ఉన్న బిడ్డకు పెరుగన్నం తీసేస్తే దాని స్థానంలో ఇంకొకటి తింటుందన్న నమ్మకం లేదు. నెలరోజుల్లో పాప మూడు కిలోలు తగ్గింది. పాలు, గోధుమలు మాన్పించినందువల్ల ఆటిజం తగ్గుతుందని జాగ్రత్తగా చేసిన అధ్యయనాల్లో రుజువు కాలేదు. కాల్షియం తగ్గి ఎముకలు బలహీనపడే ప్రమాదం మాత్రం నిజం.

వెంట్రుకలు కత్తిరించి పంపితే ఒంట్లోని లోహాలన్నీ చెబుతామనేవాళ్ళు మరికొందరున్నారు. ఆ రిపోర్టు చూపించి 'విషం తీసే' ఇంజెక్షన్లు మొదలుపెడతారు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇలాంటి కీలేషన్ చికిత్స చేస్తుండగా ఆటిజం ఉన్న ఐదేళ్ళ బాబు చనిపోయాడు. గోడ సున్నం, మట్టి, పెయింటు పెచ్చులు నోట్లో పెట్టుకునే పిల్లలకు సీసం సోకే ప్రమాదం ఉన్నమాట వాస్తవమే. అలాంటి అలవాటు ఉంటే రక్తంలో సీసం పరీక్ష అడగండి. అది నమ్మదగిన పరీక్ష. వెంట్రుకలతో దానికి పనిలేదు.

అయితే ఎలర్జీ పరీక్షలే వద్దని నేను చెప్పడం లేదు. అది ఇంకో అన్యాయం అవుతుంది. అమెరికాలో 1997 నుంచి 2016 వరకు జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలలో దాదాపు 2 లక్షల మంది పిల్లల వివరాలు విశ్లేషించి 2018లో ప్రచురించారు. తల్లిదండ్రులు చెప్పినదాని ప్రకారం ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు 19 శాతానికి ముక్కు, శ్వాసకు సంబంధించిన ఎలర్జీ ఉంది. ఆటిజం లేని పిల్లల్లో అది 12 శాతం. ఆహార ఎలర్జీ ఒక వైపు 11 శాతం, మరో వైపు 4 శాతం. ఎలర్జీ వల్ల ఆటిజం వచ్చిందని దీనికి అర్థం కాదు. మన పిల్లలకు కూడా ముక్కులు, చర్మాలు, ఊపిరితిత్తులు ఉన్నాయని, వాటికి జబ్బు చేస్తుందని, ఆ జబ్బును పట్టించుకోవాలని అర్థం.

మా అబ్బాయికి మాటలు చాలా తక్కువ. రెండేళ్ళ కిందట వానాకాలంలో రాత్రుళ్ళు లేచి పిడికిలితో ముక్కు మీద గుద్దుకోవడం మొదలుపెట్టాడు. నిద్ర లేదు, వాడికీ లేదు, నాకూ లేదు. ఒక ప్రైవేటు డాక్టరుకు చూపిస్తే "ఆటిజం పిల్లలు అంతేనమ్మా" అని మత్తుమందు మోతాదు పెంచాడు. ముక్కులోకి చూడలేదు. రెండు నెలల తర్వాత ప్రభుత్వాసుపత్రిలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. లోపలంతా వాచిపోయి దిబ్బడ వేసి ఉంది. "బాబు ఏ గదిలో పడుకుంటాడమ్మా? గోడ చెమ్మగా ఉంటుందా?" అని అడిగింది. పరీక్షలో దుమ్ము పురుగులు, బొద్దింకలు పడవని తేలింది. ముక్కులో కొట్టే మందు రాసింది, పాత దూది పరుపు మార్చమంది. మూడు వారాలకు వాడు నిద్రపోయాడు. ఆటిజం తగ్గిందా అని చుట్టాలు అడిగారు. తగ్గలేదు, ముక్కు తగ్గింది. నొప్పి చెప్పుకోలేని బిడ్డకు నొప్పి పోవడం చిన్న విషయమా?

మిత్రులారా, ఒక చోట ఆటిజం పేరు చెప్పి అక్కరలేని పరీక్ష అమ్ముతారు. ఇంకో చోట అదే ఆటిజం పేరు చెప్పి కావలసిన పరీక్ష చెయ్యరు. రెండు చోట్లా బిడ్డ శరీరం చెప్పే మాట వినలేదు. రోజంతా వెంట ఉండి చూసిన తల్లి మాట అసలే వినలేదు.

పరీక్ష జరిగే తీరులోనూ హక్కు ఉంది. తాకితేనే ఉలిక్కిపడే పిల్లవాడిని, దురద పెడుతున్న చేతిని గోకకుండా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి. నలుగురు పట్టుకుని మంచానికి అదిమిపెట్టి చేయడం మేం చూశాం. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఆసుపత్రి గేటు కూడా దాటడు. దీనికి మార్గాలున్నాయి. చర్మపరీక్ష కుదరకపోతే ఒకసారి రక్తం తీస్తే సరిపోయే ఐజీఈ పరీక్ష అడగవచ్చు. దానికి ఎలర్జీ మాత్రలు ముందుగా ఆపనక్కరలేదు. చర్మపరీక్షకైతే డాక్టరు చెప్పినట్టు కొన్ని రోజులు ఆపాలి. సూది గుచ్చేచోట గంట ముందు మొద్దుబార్చే క్రీము రాయవచ్చు. మొదటి నంబరు ఇవ్వమనవచ్చు. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకునే చేయించవచ్చు. ఇవి దయాదాక్షిణ్యాలు కావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. 1995 చట్టంలో అది లేదు. ఆ చట్టం 25వ సెక్షను ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండింటిలోనూ అడ్డంకులు లేని ప్రవేశం, వైద్యంలో ప్రాధాన్యం ఉండేలా చూడాలంటుంది.

ఇక ఇంటి సంగతి. రిపోర్టు రాగానే డాక్టరు చెప్పే జాగ్రత్తలన్నీ ఎవరి పని? దుప్పట్లు వారం వారం వేడినీళ్ళలో ఉతకాలి, పొడిచీపురు మాని తడిగుడ్డ పెట్టాలి, బొద్దింకలు లేకుండా వంటిల్లు కడగాలి. అన్నీ ఆమే చెయ్యాలి. గదిలో సిగరెట్టు కాల్చే తండ్రిని మాత్రం ఎవరూ మానమనరు. చెమ్మ గోడను బాగుచేయమని ఇంటి యజమానిని ఎవరూ అడగరు. సిగరెట్టు పొగ, దోమల చుట్ట, సాంబ్రాణి పొగ ఈ పరీక్షల్లో తేలవు. అవి ఘాటుతో ఊపిరిని బాధపెడతాయి. వాటిని ఆపడానికి ఏ రిపోర్టూ అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. మొదట ఆ పని చెయ్యమని చెప్పండి. ఇంటిల్లిపాదికీ చెప్పండి, ఒక్క తల్లికే కాదు.

కార్యకర్తలుగా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒక తల్లి కాగితం పట్టుకొస్తే మూడు ప్రశ్నలు అడిగించండి: బిడ్డకు ఏ బాధ ఉందని ఈ పరీక్ష? ఇది ఐజీఈనా, ఐజీజీనా? ఫలితం ఎలా వచ్చినా వైద్యంలో ఏం మారుతుంది? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే పరీక్ష అక్కరలేదు. డబ్బు కట్టినవాళ్ళ చేత రశీదు, రిపోర్టు, చికిత్స రికార్డు అడిగించండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. మోసపోయినవాళ్ళకు 2019 వినియోగదారుల చట్టం ఉంది. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ఆటిజం ఉన్నవారికి నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. మీ మండలంలో ఎంతమందికి ఆ కార్డు ఉందో లెక్క తీయండి. జిల్లా ఆసుపత్రిలో నమ్మదగిన ఎలర్జీ పరీక్ష ఉచితంగా కావాలని, మన పిల్లల కోసం వారానికి ఒక పూట కేటాయించాలని అర్జీ పెడదాం. ఇక్కడున్న ప్రతి సంఘం ఆ అర్జీ మీద సంతకం చెయ్యాలని కోరుతున్నాను.

బిడ్డకు పరీక్ష కావాలి, అవసరమైనప్పుడు, బాధపెట్టని పద్ధతిలో. తల్లికి మాత్రం ఏ పరీక్షా అక్కరలేదు. ఆమె రోజూ రాస్తూనే ఉంది.