సీటు దొరికిన తరువాత
(శత వార్షికోత్సవ యౌవనస్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సీటు దొరకని పిల్లలను ఓదార్చడం మా కాపరులకు అలవాటైన పనే. రెండు మూడు చోట్ల సీటు దొరికి, ఏది పట్టుకోవాలో తెలియక వచ్చే పిల్లలకు సలహా చెప్పడం మాత్రం కొంత కొత్త. ఈ కొత్త కష్టం వచ్చినందుకు ముందుగా మనం సంతోషించాలి. మచిలీపట్నంలో నోబుల్ దొరగారి పాఠశాల 1843లో మొదలైంది. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో ఏర్పడింది. ఆ రోజుల్లో చదువుకోవాలంటే ఉన్న ఒక్క బడికి నడిచి వెళ్ళడమే గాని, ఎంచుకోవడమనే మాట లేదు. ఈనాడు కౌన్సెలింగులో పిల్లలు కాలేజీల పేర్లు వరుసగా పెట్టి ఆప్షన్లు ఇస్తున్నారు. సొంతంగా పరీక్ష పెట్టుకున్న విశ్వవిద్యాలయాలు నేరుగా ఇంటికే కబురు పంపుతున్నాయి. అయితే ఎన్ని తలుపులు తెరిచినా లోపలికి వెళ్ళేది ఒక్క తలుపు గుండానే గదా!

నా సంగతే చెబుతాను. 1997లో నేను ఇంటర్మీడియట్ ప్యాసయ్యాను. ఆ వేసవి దాటేసరికి మూడు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మా ఊరికి 12 కిలోమీటర్ల దూరంలోని కాలేజీలో బి.యస్సీ. రెండవది ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో. మూడవది దూరాన ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో పేమెంటు సీటు. నాకు పిల్లలకు పాఠం చెప్పడమంటే ఇష్టం. ఆ సంగతి నాకూ తెలుసు, మా అమ్మకూ తెలుసు. కాని ఇంజనీరింగు అనే మాట వినగానే వీధి వీధంతా మా ఇంటికి వచ్చింది. "మన పేటలో మొదటి ఇంజనీరు వీడే" అన్నారు. ఆ మాట నా తలకెక్కింది. మా నాన్నగారు ఉన్న ఎకరం పొలం తాకట్టు పెట్టారు.

అదే సంవత్సరం నా చెల్లెలు పదవ తరగతి ఫస్టు క్లాసులో ప్యాసయింది. "దానిని వచ్చే ఏడాది చేర్పిద్దాంలే" అన్నారు నాన్నగారు. ఆ వచ్చే ఏడాది మా ఇంటికి రానేలేదు.

ఆ చదువు నాకు లొంగలేదు. మొదటి సంవత్సరంలో నాలుగు సబ్జెక్టులు పోయాయి. రెండవ సంవత్సరం మధ్యలో పెట్టె సర్దుకొని తిరిగి వచ్చేశాను. మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కడితే గాని సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. మా నాన్నగారు నెలల తరబడి ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆ కాలేజీ పేరు చెప్పను. తప్పంతా వారిదే అని కూడా అనను. ఆ గడప తొక్కకముందు నేను ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు.

చివరకు ఆ 12 కిలోమీటర్ల కాలేజీలోనే డిగ్రీ చదివాను. కొన్నేళ్ళకు వేదాంత విద్యకు వెళ్ళే సమయంలో మరల రెండు కాలేజీల నుండి పిలుపు వచ్చింది. ఈసారి అడిగి తెలుసుకున్నాను. రెండూ సెరంపూరు సెనేటుకు అనుబంధమైనవే, కనుక చివరకు చేతికి వచ్చే బి.డి. పట్టా ఒక్కటే. మొదటిది పెద్ద పేరున్నది, దూరాన పరాయి భాషా ప్రాంతంలో ఉన్నది. రెండవది తెలుగు సంఘాల మధ్య ఉన్నది. ఆదివారం వస్తే విద్యార్థులను సంఘాలకు పంపి పని నేర్పుతారు. నేను రేపు పని చేయవలసింది తెలుగు పల్లెల్లో. అందుచేత రెండవదానిలో చేరాను. ఈనాటికీ చింతించలేదు. మొదటిసారి నేను కాలేజీ పేరును ఎంచుకున్నాను, రెండవసారి చేయబోయే పనిని ఎంచుకున్నాను.

ఈ రెండు అనుభవాల నుండి తల్లిదండ్రులకు, పిల్లలకు కొన్ని మాటలు మనవి చేస్తాను.

మొదటిది, లెక్క. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలన్న సంగతి మనకు తెలిసినదే. మొదటి సంవత్సరపు ఫీజు ఒక్కటే చూడవద్దు. నాలుగేండ్ల ఫీజు, హాస్టలు, పరీక్ష ఫీజులు, రానుపోను చార్జీలు అన్నీ ఒక కాగితం మీద వేయండి. మూడు కాలేజీలకు మూడు వరుసలు గీయండి. ఫీజు రీయింబర్సుమెంటు వస్తుందని ఎవరైనా అంటే, అది కన్వీనరు కోటా సీటా, యాజమాన్య కోటా సీటా అని అడగండి. కాలేజీ ఒక్కటే అయినా కోటా మారితే లెక్క మారుతుంది.

రెండవది, గుర్తింపు. ఇంజనీరింగుకు ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి ఉండాలి. నర్సింగు అయితే రాష్ట్ర నర్సింగు కౌన్సిలు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలు చూడాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషనే ప్రకటిస్తుంది. ఇంకొక చిన్న సంగతి. న్యాక్ ఇచ్చే గుర్తింపు కాలేజీ మొత్తానికి. ఎన్.బి.ఏ. గుర్తింపు ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా ఇస్తారు. బోర్డు మీద పెద్ద అక్షరాలు చూసి, మీరు చేరే బ్రాంచికి కూడా ఆ గుర్తింపు ఉన్నదని అనుకోవద్దు.

మూడవది, గురువులు. విశ్వనాథ సత్యనారాయణ గారు బందరు హిందూ హైస్కూలులో చదివిన రోజుల్లో అక్కడ తెలుగు చెప్పినవారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు. ఆ బడి గోడలు ఎంత ఎత్తో ఈనాడు ఎవరూ అడగరు. పాఠం చెప్పినది ఎవరన్నదే చెప్పుకుంటారు. కనుక ఒక రోజు బస్సెక్కి ఆ కాలేజీకి వెళ్ళండి. ఆఫీసు గదిలో టీ తాగి తిరిగి రావద్దు. రెండవ సంవత్సరం పిల్లలను చెట్టు క్రింద కలుసుకొని అడగండి: క్లాసులు జరుగుతున్నాయా? మాస్టర్లు ఏడాది మధ్యలో వెళ్ళిపోతున్నారా? లేబొరేటరీ తాళం తీస్తున్నారా? పిల్లలు ఉన్నదున్నట్టు చెబుతారు.

నాలుగవది, వదులుకొనడం. ఏదీ తేల్చుకోలేక రెండు చోట్ల అడ్వాన్సు కట్టి కూర్చునేవారున్నారు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018 అక్టోబరులో ఒక ప్రకటన చేసింది. దాని ప్రకారం కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్ద అట్టిపెట్టుకోరాదు. అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులు లేక అంతకు ముందే మానుకుంటే ఫీజు పూర్తిగా తిరిగి ఇవ్వాలని అప్పట్లో ఉండేది; ఆఫీసు ఖర్చుల కింద కొద్ది మొత్తం మాత్రమే పట్టుకోనిచ్చేవారు. ఆ తరువాత ఆఖరు తేదీ లోపల అయితే నూటికి 90, ఆ తేదీ దాటి 15 రోజుల వరకు 80, నెల రోజుల వరకు 50 అని ఉండేది. ఆ పైన ఏమీ వచ్చేది కాదు. సాంకేతిక విద్యకు ఏ.ఐ.సి.టి.ఇ. నిబంధనలు వేరే ఉన్నవి. అవి కూడా చూసుకొని, మానుకుంటున్నట్టు కాగితం మీద వ్రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. మా నాన్నగారికి ఈ మాట చెప్పేవారు ఆనాడు లేరు, అందుకే నేను ఈనాడు ఇంత విడమరచి చెబుతున్నాను. డబ్బు సంగతి అటుంచినా, మనకు అక్కరలేని సీటు మన పేర ఉన్నంత కాలం, దాని కోసం ఇంకొక పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు.

ఇక చివరి మాట. మొన్న జూలైలో నా చెల్లెలి కూతురు మూడు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఒకటి పెద్ద నగరంలో ఇంజనీరింగు, ఒకటి మా జిల్లాలో డిగ్రీ, ఒకటి ఆసుపత్రి ఆవరణలోనే ఉన్న కాలేజీలో బి.యస్సీ. నర్సింగు. నేను నా ప్రశ్నలన్నీ అడగబోతున్నాను. అంతలో ఆ పిల్లే అడిగింది: "మామయ్యా, నేను ఆ ఇంజనీరింగులో చేరితే తమ్ముడి ఇంటర్ ఫీజుకు ఏం మిగులుతుంది?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. గుమ్మంలో నా చెల్లెలు నిలబడి ఉంది. 1997లో నేను అడగవలసిన ప్రశ్న అది. అడిగి ఉంటే ఆమె చదువు ఆగేది కాదు.

పిల్లకు రోగుల సేవ అంటే ఇష్టం. ఆ ఆసుపత్రికి మేము ముగ్గురం వెళ్ళి చూశాం, అక్కడ చదువుతున్న అమ్మాయిలతో మాట్లాడాం. నర్సింగులోనే చేరింది. మిగిలిన రెండు సీట్లు అదే వారంలో వదులుకుంటూ వ్రాసి ఇచ్చింది. ఆ కాగితాల మీద సాక్షి సంతకం నా చెల్లెలే చేసింది.

ప్రియ యౌవనులారా, మీకు వచ్చిన సీటు వెనుక మీ మార్కులు మాత్రమే లేవు. మీ ఇంటిలో ఎవరో మానుకున్న కోరికలు కూడా ఉన్నవి. ఎంచుకొనే ముందు ఇంటిలో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. అందరికంటె చిన్నవారిని కూడా పిలవండి.