క్యాజువాల్టీకి ఎప్పుడు వెళ్ళాలి?



రాత్రివేళ మీ తమ్మునికి ముక్కు కారుతున్నది, ఒళ్ళు వెచ్చబడ్డది. కాండోస్‌లోని విక్టోరియా ఆస్పత్రికో, పోర్ట్ లూయిస్‌లోని జీతూ ఆస్పత్రికో తీసుకొని పోదామా అని ఇంట్లో ఆలోచన. మన మారిషస్‌లో ప్రభుత్వ వైద్యం ఉచితం. క్యాజువాల్టీ తలుపులు రాత్రింబగళ్ళు తెరచియే ఉంటాయి. ఊళ్ళోని ఆరోగ్య కేంద్రమో, పెద్దలు పనినుండి ఇల్లు చేరేసరికే చాలచోట్ల మూసివేసి ఉంటుంది. కనుక జలుబుకు కూడ క్యాజువాల్టీకి పరుగెత్తే తల్లిని నేను తప్పు పట్టను.

అయితే అక్కడ పని ఎలా జరుగుతుందో తెలుసుకోండి. ముందు వచ్చినవారికి ముందు వైద్యం అనే నియమం అక్కడ లేదు. వచ్చిన ప్రతివారినీ మొదట పరీక్షించి, ఎవరి ప్రాణానికి ముప్పు ఎక్కువో వారిని ముందు లోనికి పంపుతారు. దీనిని 'త్రియాజ్' అంటారు. మీరు బడిలో నేర్చుకొనే ఫ్రెంచి మాటే అది. ఏరి వేరుచేయుట అని అర్థం. బియ్యంలో రాళ్ళు ఏరే నానమ్మకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు! జలుబు చేసిన పిల్లవాడు గంటలకొద్దీ కూర్చోవలసి వచ్చేది ఇందుకే. పక్క బెంచీమీదివారి దగ్గు వానికి అంటుకొన్నా అంటుకోవచ్చు.

జలుబు, చిన్న గీరుడు, పాత దురద, నిన్న మొన్న వచ్చిన జ్వరం - ఇవి ఉన్నా బిడ్డ ఆడుకొంటూ, నీళ్ళు త్రాగుతూ ఉంటే తెల్లవారేవరకు ఆగి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళవచ్చు. థర్మామీటరు అంకెకంటే బిడ్డ ముఖాన్ని ఎక్కువ గమనించాలి. జ్వరానికి ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఇవ్వకూడదు. ఈ మాట ఇంట్లో తెలుగులో కాకపోతే క్రియోల్‌లోనైనా చెప్పండి.

ఆగకూడని సందర్భాలు వేరు. మూడు నెలలు నిండని శిశువుకు 38 డిగ్రీల జ్వరం, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పెదవులు నీలబడడం, లేపినా లేవకపోవడం, మూర్ఛ, మెడ బిగుసుకోవడం, గాజుగ్లాసుతో అదిమినా మాయని ఎర్రమచ్చలు, పొద్దుటినుండి రాత్రిదాకా మూత్రం పోయకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా, 'ఇంత మాత్రానికే వచ్చారా అంటారేమో' అని సంకోచించవద్దు.

బిడ్డకు ఊపిరి ఆడకపోయినా, స్పృహ లేకపోయినా 114కు ఫోను చేయాలి. అది సాము అంబులెన్సు సేవ. అమ్మ బిడ్డను విడిచి రాలేకపోతే ఆ ఫోను మీరే చేయవలసి ఉంటుంది. ముందు ఊరు, వీధి, దగ్గరలోని గుడియో దుకాణమో చెప్పండి. తరువాత బిడ్డ వయస్సు, ఊపిరి ఎలా ఉన్నదో చెప్పండి. వారు చాలు అనేవరకు ఫోను పెట్టివేయవద్దు.