కొప్పు పెట్టుకుందాం రండి

(మన సంఘం వార్షికోత్సవం నాటి ఉదయం మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం మన మహిళా సభ్యులు పదిహేనుమంది 1970ల నాటి వేషంతో వేదిక ఎక్కబోతున్నారు. బీరువాల అడుగున ఉన్న చీరలు బయటికి వచ్చాయి. జాకెట్లు పట్టకపోతే కుట్లు విప్పించుకున్నారు. చిక్కల్లా తల దగ్గరే వచ్చింది. "అప్పటి జుట్టు ఇప్పుడెక్కడుందమ్మా?" అని అందరిదీ ఒకటే మాట. ఆనాటి కొప్పును ఈనాటి తలమీద ఎలా నిలబెట్టాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఏ పార్లరులోనూ శిక్షణ పొందలేదు. 1971లో రాజమండ్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. నైట్ డ్యూటీ విరామంలో ఒకరి తల ఒకరం దువ్వుకుంటూ నేర్చుకున్న విద్య ఇది.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని సామెత. పెద్దల మాటమీద గౌరవం ఉంది కాని, మన కాలపు కొప్పుకు ఆ సామెత వర్తించదు. ఆ కొప్పులో సొంత జుట్టు పైపొర మాత్రమే. లోపలంతా సవరం, వల, పిన్నులు, దువ్వెన పనితనం. నా పక్క బోర్డు మీద కూర్చునే అమ్మాయికి జుట్టు భుజం కూడా దాటేది కాదు. మా ఎక్స్ఛేంజి మొత్తానికి పెద్ద కొప్పు ఆవిడదే! కాబట్టి "మా జుట్టు పోయింది, మాకీ వేషం కుదరదు" అని ఎవరూ వెనకాడనక్కరలేదు. పోయిన జుట్టుతో ఆ కొప్పుకు పెద్దగా సంబంధం లేదు.

ఎత్తుగా దువ్వడమనే ఫ్యాషను మన ఊళ్ళో పుట్టింది కాదు. 1960లో అమెరికాలోని షికాగోలో మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే కేశాలంకరణ నిపుణురాలు ఒక పత్రిక కోసం తేనెతుట్టె ఆకారంలో జుట్టును నిలబెట్టి చూపించారు. 'బీహైవ్' అన్న పేరు దానికి అలా వచ్చింది. అదే ఏడు 'లవ్ ఇన్ సిమ్లా' హిందీ చిత్రంలో సాధన నుదుటి మీదికి కత్తిరించిన జుట్టుతో కనిపించారు. హాలీవుడ్ తార ఆడ్రీ హెప్‌బర్న్‌ను చూసి దర్శకుడు ఆర్.కె. నయ్యర్ అలా చేయించారు. దేశమంతా అది 'సాధనా కట్' అయి కూర్చుంది. 1967లో 'యాన్ ఈవెనింగ్ ఇన్ పారిస్'లో షర్మిలా టాగూర్ తలమీద ఆ ఎత్తు చూసి మా అమ్మ "లోపల ఏ గిన్నె బోర్లించారే?" అని అడిగింది. మనవాళ్ళకు మాత్రం వాణిశ్రీగారే వాణిశ్రీగారు. నేను ఉద్యోగంలో చేరిన ఏడే 'ప్రేమనగర్' వచ్చింది. అక్కణ్ణుంచి పెళ్ళిళ్ళలో, ఆఫీసుల్లో, బస్‌స్టాండుల్లో ఎక్కడ చూసినా ఆ కొప్పే.

మాకు ఒక ఇబ్బంది ఉండేది. హెడ్‌సెట్టు పట్టీ సరిగ్గా నడినెత్తి మీదుగా పోయేది. ఎంత ఎత్తు దువ్వినా డ్యూటీ ఎక్కిన గంటలో అణిగిపోయేది. అందుకని కొప్పును పట్టీకి వెనక్కి జరిపి, పట్టీ ముందు నాలుగు వేళ్ళ వెడల్పు మాత్రం పొంగించేవాళ్ళం. అదేదో కొత్త ఫ్యాషననుకుని మా వీధి అమ్మాయిలు కూడా అలాగే దువ్వుకున్నారు.

ఇక పద్ధతి. తలంటు ముందురోజే పోసుకోండి. అప్పుడే కడిగిన జుట్టు జారిపోతుంది, పిన్ను నిలవదు. ఆనాడు కుంకుడుకాయ రసంతో తలంటుకున్న జుట్టు కాస్త గరుకుగా ఉండి చెప్పినట్టు వినేది. ఇప్పటి షాంపూ, కండిషనరు జుట్టు పట్టులా ఉంటుంది కాని మాట వినదు. కండిషనరు ఒక్కరోజు మానండి. నూనె అసలు వద్దు.

నుదుటి దగ్గర ఒక పొర జుట్టు విడిగా తీసి ముందుకు వేసి ఉంచండి. దాని వెనక నడినెత్తి జుట్టును పాయలుగా పట్టుకుని, లోపలివైపు మాత్రం కుదుళ్ళకేసి ఎదురు దువ్వాలి. ఇది మనం బాగా ఎరిగినదే. అయితే ఎదురు దువ్వినప్పుడల్లా వెంట్రుక మీది పొర లేచి చిట్లుతుంది. ఇరవై ఏళ్ళ జుట్టు ఓర్చుకుంది, డెబ్భై ఏళ్ళ జుట్టు ఓర్చుకోదు. అందుకని నేను ఇప్పుడు రెండుమూడు సార్లకు మించి ఎదురు దువ్వను. ఎత్తు కోసం ఫ్యాన్సీ షాపులో దొరికే స్పాంజి ముక్క లోపల పెట్టి, ముందు విడిచిన పొరను దానిమీదుగా వెనక్కి తెచ్చి మెత్తని బ్రష్షుతో సర్దుతాను. వెనక జుట్టు వదులుగా కట్టి, దాని చుట్టూ సవరం చుట్టి, వల వేసి పిన్నులు గుచ్చాలి. పిన్ను మీద పిన్ను అడ్డంగా, ఇంటూ గుర్తులా పడితే కదలదు. స్ప్రే కొట్టుకునేవాళ్ళు దీపానికి, గ్యాసు పొయ్యికి దూరంగా కొట్టుకోండి. అది చటుక్కున అంటుకుంటుంది. సాయంకాలం జ్యోతి ప్రజ్వలన ఉందని మరిచిపోవద్దు.

సవరం బరువు మీద మాత్రం గట్టిగా చెబుతున్నాను. పలచబడిన కుదుళ్ళకు బరువు వేలాడదీసి రోజూ బిగించి కడితే లాగుడుకు జుట్టు ఊడుతుంది. చాలాకాలం అలాగే లాగితే ఆ చోట మళ్ళీ మొలవకపోవచ్చు. ఒక సాయంకాలానికి భయం లేదు. కణతల దగ్గర లాగుతున్నట్టుంటే వెంటనే వదులు చేయించుకోండి. "అందానికి ఆ మాత్రం ఓర్చుకోవాలి" అని ఎవరైనా అంటే వినకండి. విప్పేటప్పుడు చివర్ల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రండి. ఈ కార్యక్రమం కోసం కొత్తగా రంగు వేసుకోదలచినవారు రెండు రోజుల ముందే మోచేతి మడతలో కాస్త రాసి చూసుకుని ఉండవలసింది. చూడనివారు ఈ పూట వేసుకోకండి. నల్ల మెహందీ అని అమ్మే పొడుల్లోనూ దద్దుర్లు తెప్పించే రసాయనం ఉండవచ్చు. వేదిక మీద తెల్ల కొప్పు నాకైతే ముచ్చటగానే ఉంటుంది.

సవరం పెట్టుకోవడం నామోషీ అనుకునేవారికి ఒక్క మాట. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ పాత్రకు జడే ప్రాణం. తెరమీదుగా ఆ జడ వేసి పండితులకు సవాలు విసిరే సంప్రదాయం ఉండేది. ఆ పాత్రతో దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణశర్మగారు పురుషుడు. ఆ జడ ఆయన సొంతమా? మన ఇళ్ళలోనూ దువ్వెనకు వచ్చిన జుట్టును చుట్టచుట్టి గోడ సందులో దాచి, సవరాలు అల్లేవాళ్ళు వచ్చినప్పుడు ఇచ్చేవాళ్ళం.

మనవరాళ్ళకు: సరదా పడి సాధనా కట్ చేయించుకోకండి తల్లీ. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కనుబొమల దాకా కత్తిరించింది గడ్డం దాకా రావాలంటే ఏడాది పైమాటే. తగిలించుకునేవి దొరుకుతున్నాయి, ఫొటోలు కాగానే తీసి పక్కన పెట్టండి. మగవారికి చెప్పేది ఏమీ లేదు. చెంపల మీదికి దింపిన ఆనాటి క్రాపు మళ్ళీ దింపుదామంటే పైన సరుకుండాలి కదా!

ఇప్పుడు పూల సంగతి. ఇది చెప్పడానికే నేను ముఖ్యంగా ఒప్పుకున్నాను. మొన్న రిహార్సల్లో ఫ్యామిలీ పెన్షనరు అక్కయ్యగారొకరు మా అందరికీ పిన్నులు అందిస్తూ కూర్చున్నారు. బలవంతాన కూర్చోబెట్టి కొప్పు పెట్టాను. అద్దంలో చూసుకుని మురిసిపోయారు. కనకాంబరాల మాల తీసేసరికి చెయ్యి అడ్డం పెట్టారు. "ఆయన పోయాక ముట్టుకోలేదమ్మా" అన్నారు. నేను మరి రెట్టించలేదు. ఆవిడ తల, ఆవిడ ఇష్టం.

కాని ఆ అడ్డం పెట్టిన చెయ్యి పూర్తిగా ఆవిడదేనా అని నాకు సందేహం. కిందటేడు ఇదే సభలో గుమ్మం దగ్గర పూలపళ్ళెం పట్టుకున్నవారు కొందరిని చూసి పళ్ళెం పక్కకు తిప్పారు. ఆ తిప్పడం నేను చూశాను, తిప్పించుకున్నవారూ చూశారు. మా నాయనమ్మ తలమీద నేను ముసుగే చూశాను గాని జుట్టు చూడలేదు. ఆవిడకు ఇరవై ఏళ్ళకే తీయించేశారు. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది మన రాజమండ్రిలోనే. అదే ఊళ్ళో ఇవాళ మనం పళ్ళెం తిప్పుతున్నాం.

కార్యవర్గంవారికి నా మనవి ఒక్కటే. గుమ్మం దగ్గర ఎవరూ పళ్ళెం పట్టుకోవద్దు. కడియపులంక నుంచి పూలు వచ్చేశాయి. బుట్ట బల్లమీద పెట్టించండి. కావలసినవారు తీసుకుంటారు, అక్కరలేనివారు తీసుకోరు. ఎవరినీ ఎవరూ అడగవద్దు, బతిమాలవద్దు, చూడవద్దు కూడా.

భోజనాలయ్యాక రెండు గంటలకు పక్క గదిలో కొప్పులు మొదలుపెడతాను. వేదిక ఎక్కనివారు కూడా రావచ్చు. పిన్నులు, వలలు నేను తెచ్చాను. దువ్వెన మాత్రం ఎవరిది వారు తెచ్చుకోండి. పూలబుట్ట కిటికీ పక్కన ఉంటుంది.