మొరాయించే పుటలు

ఆ సాయంకాలం మా స్టూడియో నుండి పదకొండు సెకనులపాటు నిశ్శబ్దం ప్రసారమైనది. పదకొండు సెకనులు మీకు స్వల్పంగా తోచవచ్చును. మైక్రోఫోను ముందు కూర్చున్నవారికి అది ఒక జాము. ఒక ప్రాత పత్రికా సంపుటంలోని ప్రసంగ భాగాన్ని ప్రత్యక్ష ప్రసారంలో చదవవలసి ఉన్నది. ఆ సంపుటాన్ని ఎవరో శ్రద్ధగా స్కాన్ చేసి పి.డి.ఎఫ్. ఫైలుగా భద్రపరచినారు. మొదటి పుట చదివినాము. రెండవ పుట కొరకు మీట నొక్కినాము. తెరమీద తెల్లని కాగితం, దాని నడుమ గిరగిర తిరిగే చిన్న చక్రం తప్ప మరేమీ కానరాలేదు.

మరునాడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు టెలిఫోను చేసి, “మా రేడియో పాడయిందనుకొని రెండుసార్లు తట్టి చూశానండీ” అన్నారు. మేము క్షమాపణ చెప్పి కారణం విన్నవించినాము. వారు నవ్వలేదు. “అయితే ఆ జబ్బు మీకూ ఉందన్నమాట” అన్నారు. వారికి చూపు మందగించినది. అచ్చు పుస్తకంలోని అక్షరం ఆనదు. ప్రాత గ్రంథాలను కంప్యూటరు తెరమీద పెద్దవిగా చేసికొని చదువుకొనడమొక్కటే వారికి మిగిలిన దారి. పుట తిప్పిన ప్రతిసారీ అర నిమిషం కాచుకొనవలసి వస్తున్నదట. ఇంతా చేసి మరునాడు తెరిస్తే మరల ముఖపత్రమే ఎదురవుతున్నదట. విసిగి, నెల రోజులుగా చదువు మానివేసినారు. “మీరు రేడియోవారు కదా, దీనికి మందేదో కనుక్కొని అందరికీ చెప్పండి” అని ఆజ్ఞాపించినారు. ఆ ఆజ్ఞ ఫలితమే ఈ ప్రసంగం.

రోగం చెప్పే ముందు రోగి పుట్టుక కొంత తెలియవలెను. ఏ యంత్రంలో తెరచినా, ఏ యంత్రంపై అచ్చువేసినా ఒక పత్రం ఒకే రూపంలో కనిపించవలెనన్న ఆశయాన్ని అడోబీ సంస్థ స్థాపకులలో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో ఒక చిన్న వ్యాసంగా వ్రాసినారు. 1993లో అది పి.డి.ఎఫ్.గా వెలువడినది. 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందినది. రూపం చెడరాదన్నది దాని ప్రతిజ్ఞ. త్వరగా తెరుచుకొంటానని అది ఏనాడూ మాట ఇవ్వలేదు.

ఈ ఫైలులో ఒక చమత్కారం ఉన్నది. ఏ పుట ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక సాధారణంగా ఫైలు చివర ఉంటుంది. చూపే సాఫ్ట్‌వేరు మొదట చివరికి పోయి, పట్టిక చదువుకొని, వెనుకకు వచ్చి మొదటి పుటను చూపిస్తుంది. ఇంటర్నెట్ నుండి దించుకొనేటప్పుడు ఫైలు సగంలో తెగిపోతే తెగేది ఈ పట్టికే. అప్పుడు పాపం ఆ సాఫ్ట్‌వేరు సామానులన్నీ ఒక్కొక్కటిగా తడిమి క్రొత్త పట్టిక కట్టుకొన ప్రయత్నిస్తుంది. లేదా ఫైలు చెడినదని చేతులెత్తివేస్తుంది. కాబట్టి మొరాయించిన ఫైలును మరొకసారి పూర్తిగా దించుకొని చూడడం మొదటి చికిత్స. పెన్‌డ్రైవు నుండి గాని, ఆఫీసులోని మరొక యంత్రం నుండి గాని నేరుగా తెరవక, మీ కంప్యూటరులోనికి నకలు చేసికొని తెరవడం రెండవది. ఈ రెండింటితోనే నయమయ్యేవి లేకపోలేదు.

నయం కానప్పుడు తప్పు ఫైలుదా, సాఫ్ట్‌వేరుదా తేల్చుకొనవలెను. ఇది రేడియో ఉన్న ఇంటివారికి వేరుగా నేర్పనక్కరలేదు. ఒక్క స్టేషనులోనే గరగర వినిపిస్తే మీరు ఆ స్టేషనును నిందిస్తారు. అన్ని స్టేషనులలోనూ వినిపిస్తే ఏరియలును సవరించుకొంటారు. ఇక్కడా అంతే. అదే సాఫ్ట్‌వేరులో మరొక చిన్న ఫైలు తెరచి చూడండి. ఆ పిమ్మట మొరాయించిన ఫైలునే వేరొక సాఫ్ట్‌వేరులో తెరచి చూడండి. ఫైర్‌ఫాక్స్ 2013 నుండి పి.డి.ఎఫ్.ను తనలోనే చూపగలుగుతున్నది. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లూ చూపుతాయి. విండోస్ వాడేవారికి సుమాత్రా పి.డి.ఎఫ్. అనే ఉచిత సాధనమున్నది. అది చాల తేలిక, హంగులు లేవు. చదువుకొనడం తప్ప వేరే పని లేనివారికి మేము దానినే సిఫారసు చేస్తాము.

ఫైలుదే తప్పని తేలితే అది చాలవరకు స్కాన్ చేసిన పుస్తకమై ఉంటుంది. దాని బరువు ఎంతో కొంచెం లెక్క వేయుదము. ఎ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే పుటకు సుమారు 87 లక్షల చుక్కలు. రంగులలో అయితే చుక్కకు మూడు బైట్ల వంతున 2 కోట్ల 60 లక్షల బైట్లు. అంగుళానికి 600 చుక్కలంటే రెట్టింపు అనుకొంటారు. కాదు, నిలువూ అడ్డమూ రెండూ పెరుగుతాయి గనుక నాలుగు రెట్లు, అంటే 10 కోట్ల పైచిలుకు. అదే పుటను నలుపు తెలుపులలో 300 చుక్కలతో తీస్తే 11 లక్షల బైట్లతో సరి. ఫైలును చిన్నదిగా చేయుటకు ఈ చుక్కలను మడతపెట్టి కుక్కుతారు. పుట తిప్పిన ప్రతిసారీ ఆ మడతలు విప్పవలెను. మడత ఎంత గట్టిదో విప్పుట అంత ఆలస్యం. జె.పెగ్. 2000 అనే మడత మరీ మొండిది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే ప్రాత పుస్తకాలు పెక్కు ఆ విధంగా మడతపెట్టినవే. ప్రాత కాగితపు పసుపుదనం కూడా చదువరికి దక్కవలెనన్న సదుద్దేశంతో రంగులలో స్కాన్ చేసేవారిని మేము గౌరవిస్తాము. కాని ఆ పసుపుదనాన్ని మోయలేక మన కంప్యూటరు రొప్పుతున్నది.

దీనికి ఉపాయం పుస్తకాన్ని యాభై పుటల భాగాలుగా విడదీసికొనుట, లేదా చుక్కల సంఖ్య తగ్గించి తిరిగి వ్రాయించుకొనుట. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాధనం ఈ రెండవ పని చేస్తుంది. చదువుకొనుటకు 150 చుక్కలు చాలవచ్చును. కాని పెద్దవిగా చేసికొని చదివేవారికి అక్షరాల అంచులు చెదరుతాయి. వారు 300కు దిగువకు పోరాదు. అసలు ఫైలును మాత్రం ఎన్నడూ చెరపవద్దు.

ఇక సాఫ్ట్‌వేరు సంగతి. అడోబీ రీడరులో కంట్రోల్ మీటతోపాటు కె నొక్కితే ప్రిఫరెన్సెస్ అనే పెద్ద కొట్టుగది తెరుచుకొంటుంది. అందులో మనకు కావలసినవి నాలుగైదే. ‘డాక్యుమెంట్స్’ విభాగంలో, తిరిగి తెరచినప్పుడు వెనుకటి స్థితిని నిలుపుమనే గడిలో గుర్తు పెడితే, నిన్న ఆపిన పుటే నేడు తెరుచుకొంటుంది. పనిముట్ల పలకను ఒకసారి మూసి, దాని స్థితిని గుర్తుంచుకొనుమనే గడిని కూడ గుర్తిస్తే, ఆ పలక అడుగడుగునా అడ్డురాదు. ‘జావాస్క్రిప్ట్’ విభాగంలోని గుర్తును తీసివేసినా చదువుకొనేవారికి నష్టం లేదు. ఫారాలు నింపేవారికి మాత్రం అది అవసరం కావచ్చును. రక్షణకు సంబంధించిన ‘ప్రొటెక్టెడ్ మోడ్’ను తీసివేస్తే వేగం వస్తుందని కొందరు సలహా ఇస్తారు. ఎవరెవరో పంపిన ఫైళ్లు తెరిచే ఇంట్లో ఆ పని చేయడం, గాలి రావడం లేదని వీధి తలుపు ఊడదీయడం వంటిది.

ముఖ్యమైనది ‘రీడింగ్’ విభాగం. అంధులకు, చూపు తక్కువవారికి పుటను బిగ్గరగా చదివి వినిపించే సాధనాలు ఉన్నవి. అట్టిది కంప్యూటరులో పనిచేస్తున్నదని పసిగట్టగానే రీడరు, పత్రమంతటినీ దానికి అనువుగా సిద్ధం చేయబూనుతుంది. నాలుగు పుటల జాబుకైతే తెలియదు. నాలుగు వందల పుటల గ్రంథమైతే మనం కూర్చున్నచోటనే నిద్రపోవచ్చును. కనిపించే పుటను మాత్రమే చదువుమనే ఎంపిక అక్కడే ఉన్నది.

తెలుగువారికి ప్రత్యేకించిన బాధ ఒకటి చెప్పక తప్పదు. ఫైలులో కంటికి కనిపించే మాట వెదికితే దొరకదు; నకలు తీస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఇది యంత్రపు నెమ్మదితనం కాదు. యూనికోడు కాని ప్రాత ఫాంటులతో కూర్చిన పుస్తకాలలో అక్షరపు బొమ్మ ఉన్నది గాని, అది ఏ అక్షరమో చెప్పే సమాచారం లేదు. స్కాన్ పుటలలోనైతే బొమ్మ తప్ప అక్షరమే లేదు. ఎన్ని గడులు గుర్తించినా ఈ లోపం తీరదు.

మన ఉపాధ్యాయుని విషయంలో తప్పు ఫైలుదీ, సాఫ్ట్‌వేరుదీ కూడ. పుస్తకం రంగులలో, 600 చుక్కలతో స్కాన్ చేసినది. దానిని వారు పెన్‌డ్రైవు నుండి తెరుస్తున్నారు. అన్నిటికంటే పెద్ద అపరాధి, చూపు తగ్గిన కాలంలో మనుమడు అమర్చిపెట్టిన బిగ్గరగా చదివే సాధనం. వారు దానిని ఎన్నడూ వాడలేదు. అది మాత్రం తెరవెనుక పనిచేస్తూనే ఉన్నది. టెలిఫోనులో మేము చెప్పగా మనుమడు దానిని ఆపి, పుస్తకాన్ని కంప్యూటరులోనికి ఎక్కించి, గడులు సవరించినాడు.

పదిహేను దినాల తరువాత వారు మరల పిలిచినారు. పుటలు చకచక తిరుగుతున్నవట, 212వ పుటలో ఉన్నారట. “అయితే నాయనా, 97, 98 పుటలు స్కాన్ చేసినవాళ్లు వదిలేశారు. దానికి మీ దగ్గర మందుందా?” అని అడిగినారు. ఆ గ్రంథపు అచ్చు ప్రతి కొరకు మా గ్రంథాలయంలో వెదకుతున్నాము.